ఖాళీ కోసం రాళ్ళు ఏరిన మేడం

మా మేడం పోయారన్న కబురు నిన్న పొద్దున, కాలేజీలో క్లాసుకు వెళ్ళబోతుంటే తెలిసింది. పాఠం చెప్పలేకపోయాను. పిల్లలకు ఆమె గురించే చెబుతూ కూర్చున్నాను. కాసేపటికి వాళ్ళూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. ఆమె సంగతి అంతే మరి.

నల్లగొండలో ఫార్మసీ చదివేటప్పుడు ఆమె నా పరిశోధనకు గైడు. మహబూబ్‌నగర్ పడమటి దిక్కు నల్లరాతి నేలలో బావి తవ్వితే తెల్లగా మెరిసే రాళ్ళు బయటపడతాయి, మీలో కొందరు చూసే ఉంటారు. వాటిలో ఒక రకం జియోలైట్. కంటికి కనిపించని సందులు దాని నిండా. ఆ రాతిపొడికి మందు పట్టించి, కడుపులో కొంచెం కొంచెంగా వదిలేలా చేయాలని మా ప్రయత్నం.

రాళ్ళ కోసం ఆమే నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కారు. బావి గడ్డన సంచి నింపుతుంటే రైతు అడిగాడు.

"గీ రాళ్ళల్ల ఏముందమ్మా?"

"ఏం లేదన్నా, ఖాళీ ఉంది. గా ఖాళీ కోసమే వచ్చినం," అన్నారు మేడం.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, ఎండ దెబ్బ అనుకున్నాడో ఏమో, జర నీడన కూర్చోమని నీళ్ళ చెంబు తెచ్చాడు.

నొప్పి మందుతో పని మొదలుపెట్టాను. రాయి దాన్ని పట్టుకోనే లేదు. నెలలు గడిచాయి. ఈ నెలాఖరుకు ఏమీ తేలకపోతే చదువు కట్టిపెట్టి షాద్‌నగర్ కంపెనీలో చేరాల్సిందేనని నాయిన తేల్చేశాడు. ఏడుపొచ్చి, "ఈ రాయే పనికిరాదు మేడం" అన్నాను.

"రాయినెందుకు తిడ్తవు? దానికి, మందుకు పడ్తలేదు. రెండిటిది ఒకటే ఆవేశం, రెండూ నెగెటివే, ఎట్ల కలుస్తయి? నడుమ ఒక పెద్దమనిషిని కూసోబెడదాం. నువ్వైతే ముందుగాల రొట్టె తిను. మొఖం గట్ల పెడితే మందు గూడ భయపడ్తది."

పెద్దమనిషి అంటే సబ్బు జాతి పదార్థం. రాతిపొడికి దాన్ని పూతగా పట్టించాం. మందు అతుక్కుంది. ఇక మెల్లగా వదలాలి. ఆ రోజు గంటగంటకూ కొలిచాం. సాయంత్రమైనా, బయటికొచ్చిన మందు లెక్క చూపే గీత నిదానంగా పైకి పోతూనే ఉంది. మేడం చేతులైనా కడుక్కోకుండా నా ఫోన్ లాక్కుని, స్పీకర్ పెట్టి నాయినతో మాట్లాడారు.

"అన్నా, మీ బిడ్డ చేసిన మందు మెల్లగ దిగుతాంది. ఇంకో ఏడాది ఆమెను నాకిడిసిపెట్టుండ్రి."

నాయిన అడిగాడు, "గా మందు నా మోకాళ్ళకు ఎప్పుడొస్తది మేడం?"

"ఇంక చానా దూరముందన్నా. గందుకే బిడ్డను అడుగుతున్న."

"సరే, ఉంచుకోండ్రి."

నేనిప్పుడు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నానంటే ఆ ఒక్క ఫోన్ వల్లే. ఆ సాయంత్రం మేడం నా ఫోన్ నా చేతిలో పెట్టి బస్సుకు పరుగెత్తారు. కడగని చేత్తోనే చెమట తుడుచుకున్నట్టున్నారు, చెంప నిండా తెల్లటి రాతిపొడి. చెబుదామనుకునేలోపే బస్సు కదిలింది. కిటికీలోంచి ఆ తెల్ల చెంపతోనే నాకు చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయారు.