బొట్టు పెట్టి చెప్పే కబురు

నాకొక జబ్బుంది. ఏ కబురు విన్నా, అందులో ఏముందన్న దానికంటే అది ఎవరి నోట బయల్దేరింది, ఎవరింటి మీదుగా నాదాకా వచ్చింది అన్నది తేలేదాకా తోచదు. చిత్తూరులో ఒక వకీలు దగ్గర టైపు చేస్తాను. రోజంతా నోటీసులు కొట్టి కొట్టి పట్టుకున్న జబ్బేమో. కోర్టు వ్యవహారంలో నోటీసు పంపితే చాలదు, అది మనిషికి ముట్టిందా లేదా అన్నది తేలాలి. ముట్టనంతవరకూ అది ఎంత బాగా రాసినా ఉత్త కాగితమే.

మేముండేది చిత్తూరుకు బస్సులో రోజూ పోయిరాగలిగేంత దూరంలో, ఒక చిన్న మున్సిపాలిటీలో. మా వార్డు ఆడవాళ్లకు కేటాయించిన సీటు. కాబట్టి కౌన్సిలరు ఆమె. ఆఫీసుకు పోయేది, ఫోనెత్తేది, మైకు పట్టుకునేది ఆమె భర్త. ఇది మా పక్క ఎవరికీ వింతగా అనిపించదు. వార్డుకొక వాట్సాప్ గ్రూపు ఉంది. గ్రూపు బొమ్మలో ఆమె రెండు చేతులూ జోడించి నవ్వుతుంటుంది. లోపల రాసేది ఆయన. ప్రతి కబురూ "ప్రజలకు తెలియజేయడమేమనగా" అని మొదలవుతుంది. ఏమనగా అన్నది చివరిదాకా చదివినా తేలదు. నీళ్లు ఆలస్యమగును అని ఉంటుంది, ఎంతసేపన్నది ఉండదు. పనులు జరుగును అని ఉంటుంది, ఎప్పుడన్నది ఉండదు. ప్రజలు సహకరించవలెను అని మాత్రం తప్పకుండా ఉంటుంది. దాని కింద వరసగా దండాలు, పూలగుత్తులు, ఎవరో పంపిన స్వామివారి అలంకారం.

మా ఆయన దాన్ని పొద్దున కాఫీ తాగుతూ నాకు చదివి వినిపిస్తాడు. "ఏమే, ఈ పొద్దు కుళాయి రాదంట."

"డ్రమ్ము మొన్ననే నింపినా."

"నీకెట్ల తెల్సె?"

"బొట్టు పెట్టి సెప్పినారు."

నేను వెటకారమాడుతున్నానని ఆయన అనుకునేవాడు. పాపం, నేను ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని.

ఎన్నికలప్పుడు కౌన్సిలరమ్మ అందరి మాదిరే గడపగడపకూ వచ్చి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటడిగింది. గెలిచాక మిగతావాళ్లు కుంకుమభరిణె అటక మీద పెట్టేస్తారు. ఈమె పెట్టలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక ఒక తట్టలో పసుపు, కుంకుమ, తమలపాకులు, మల్లెపూలు వేసుకుని వార్డులో రెండు మూడు సందులు తిరుగుతుంది. గడప మీద కూర్చుని బొట్టు పెట్టి, పూలిచ్చి, ఆ వారం కబుర్లు చెబుతుంది. నీళ్లెప్పుడు, కరెంటు తీసేదెప్పుడు, కుక్కలు పట్టేవాళ్లు ఎప్పుడొస్తారు, పోలియో చుక్కలెక్కడ వేస్తారు. సందు చివర సాయిబుల ఇల్లుంది. అక్కడ కుంకుమ తీయదు, పూలు మాత్రమే ఇచ్చి, కూర్చుని అవే కబుర్లు చెబుతుంది. గ్రూపులో ఎన్నడూ వినపడని ఆమె గొంతు మా గడప మీద గలగలా పారేది. భర్త ఆఫీసులో విన్నదాంట్లో పనికొచ్చే ముక్కేదో ఆమె ఏరి పెట్టుకునేది. గ్రూపుకు పోయేది మిగిలిన పొట్టు.

ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వారమంతా శుక్రవారం కోసం చూసేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా మా వార్డు గొప్ప చెప్పుకునేదాన్ని.

మా వీధి మొగదల్లో ఇడ్లీ అక్క అంగడి ఉంది. అంగడంటే ఏమీ లేదు. మురుగుకాలువ మీద అడ్డంగా పరిచిన నాలుగు కడప బండలు, వాటి మీద మట్టి పొయ్యి, పైన ఒక రేకు. చిత్తూరు బస్సెక్కే వాళ్లం సగం మంది అక్కడ తినే పోతాం. ఆమె భర్త లారీ డ్రైవరు, యాక్సిడెంటులో పోయాడు. చాలా ఏళ్లయింది. ఆ బండల మీద నిలబడే కూతుర్ని తిరుపతిలో నర్సింగు చదివిస్తోంది. ఆమెకు వేరే ఆధారమేదీ లేదు. చేతిలో ఉండేది బటన్ల ఫోను, అందులో గ్రూపులూ గట్రా ఉండవు. ఆదివారం అంగడి మూసి, కారంపొడో ఊరగాయో కట్టుకుని కూతురి హాస్టలుకు పోయి, కడపటి బస్సుకు వస్తుంది.

ఒక శుక్రవారం కౌన్సిలరమ్మ మా గడప మీద కూర్చుని గొంతు తగ్గించింది. "వదినా, సోమవారం పొద్దున కాలవ పూడిక తీసేదానికి జేసీబీ వస్తాది. కాలవ మీద ఏముంటే అది పెరికేస్తారు. మీ మెట్టు పక్కన ఆ ఉతికే బండ తీపిచ్చుకోండి."

"గ్రూపులో పెట్టలేదే?"

"దినం సెప్పొద్దన్నారంట ఆఫీసులో. ముందే సెప్తే వాళ్ల సేతా వీళ్ల సేతా ఫోన్లు సేపిస్తారంట. అందుకే నోటితో సెప్తా ఉండా."

ఆదివారం మా వీధిలో మగవాళ్లందరికీ నడుములు పట్టేశాయి. ఉతికే బండలు, బండి ఎక్కించే పలకలు, పూలకుండీలు, ఎవరి సొత్తు వాళ్లు లోపలికి జరుపుకున్నారు. మా ఆయన ఉతికే బండ దొర్లిస్తూ, గ్రూపులో లేని కబురుకు ఇంత బరువేమిటని సణిగాడు.

సోమవారం నేను బస్సుకు పోయేసరికి జేసీబీ వీధి మొగదల్లో ఉంది. ఇడ్లీ అక్క రెండో వాయ పొయ్యి మీద పెట్టి ఉంది. పొగలు కక్కుతున్న ఇడ్లీపాత్రను పాత గుడ్డతో పట్టుకుని, కాలువకు ఇవతల నిలబడింది. బండలు ఒక్కొక్కటే లేచాయి. ఒకటి పగిలింది. రేకు వంగిపోయింది. పొయ్యి ఎటూ మట్టిదే, అది కాలువలో కలిసిపోయింది.

"ముందే సెప్పిండారు గదమ్మా, అందరూ తీసేసుకునిండారు సూడు" అన్నాడు పని చేయించే మనిషి. కసిరినట్టు కాదు, మామూలుగానే అన్నాడు.

ఆమె వీధివైపు తిరిగి చూసింది. ప్రతి ఇంటి ముందూ ఊడ్చిపెట్టినట్టుంది. ఒక్క కుండీ లేదు, ఒక్క పలక లేదు. తనకు తప్ప అందరికీ తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది. అది ఆమె మొహంలో నాకు కనపడింది. చేతిలో పాత్ర దించడానికి చోటు కోసం చూసుకుంది. మా మెట్టు మీద పెట్టించాను. ఆ రోజు బస్సు పోయింది.

కాలువ మీద అంగడి ఇక కుదరదని ఆ సాయంత్రమే కబురొచ్చింది. ఈ కబురు మాత్రం ఆమెకు నేరుగా ముట్టింది.

నా జబ్బు లేచింది. ఆదివారం మేము బండలు దొర్లించేటప్పుడు ఆమె తిరుపతిలో ఉంది, సరే. శుక్రవారమే అందరికీ తెలిసిన ముక్క ఈమెకెందుకు తెలియలేదు? ఇంటింటికీ పోయి అడిగాను. "ఆమెకు తెల్సే ఉంటాది అనుకున్యా" అన్నారు ప్రతి ఇంట్లోనూ. నేనూ అట్లే అనుకున్నాను. నీకెవరు చెప్పారంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, శుక్రవారం కౌన్సిలరమ్మ చెప్పింది. ఇక ఆ శుక్రవారం ఆమె నడిచిన దారి మనసులో గీసుకున్నాను. మా ఇల్లు, పక్కిల్లు, ఎదురిల్లు, సాయిబుల ఇల్లు. సాయిబుల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఇంకొక గడప ఉంది. ఇడ్లీ అక్కది. కుంకుమ తట్ట ఆ గడప దగ్గర ఆగలేదు. ఆగదు కూడా. భర్త పోయిన మనిషికి బొట్టెవరు పెడతారు?

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ముందుగా మా ఆయన మీద మండింది. కబురు నడిచే దారంతా నాకే తెలుసని గొప్పలు పోయిన దాన్ని, ఆ దారిలో ఒక గడప తప్పిపోతోందని ఇన్నాళ్లూ నాకు కనపడలేదు. పూలిచ్చినప్పుడల్లా జడలో పెట్టుకుని లోపలికి పోయాను.

మళ్లీ శుక్రవారం కౌన్సిలరమ్మ వచ్చి భరిణె మూత తీయబోతుంటే అడిగేశాను. "ఇడ్లీ అక్క ఇంటికి పోయొచ్చినావా వదినా?"

ఆమె చేయి ఆగింది. సోమవారం సంగతి ఆమెకు తెలుసు. ఎందుకు జరిగిందో మాత్రం తట్టినట్టు లేదు. కాసేపటికి తట్టింది.

"కుంకం తట్ట ఎత్తుకోని ఆమె వాకిట్లోకి పోయేదెట్ల వదినా? పెట్టకుండా వస్తే ఆమెకు కష్టం. పెడితే ఊర్లో పెద్దముత్తయిదువులు ఊరకుంటారా? ఆమె మనసు నొస్తాదని, ఆ ఇల్లు రాకముందే పక్క సందులో దిగి, సుట్టు తిరిగి సాయిబులింటికి పోతా నేను." భరిణెను మళ్లీ తట్టలో పెట్టేసింది. "ఓట్లప్పుడు కూడా ఆమెకాడికి మా ఇంటాయన పోయి దండం పెట్టినాడు. నేను పోలేదు."

మంచితనంతోనే చేసింది. నాకు ఆమె మీద కోపం నిలవలేదు, జాలి కూడా కలగలేదు. వీధి మొత్తానికీ కబురు మోసే మనిషి ఒక్క ఇంటి కోసం ఇంత చుట్టు తిరిగిందే అని ఆశ్చర్యం వేసింది.

ఆమె తట్ట మా తిన్నె మీద పెట్టేసి లేచింది. ఒట్టి చేతులతో ఇడ్లీ అక్క ఇంటికి నడిచింది. నేనూ వెంటపడ్డాను. రమ్మని ఆమె పిలవలేదు, నన్ను ఆపడం కూడా ఎవరి తరమూ కాదు.

ఇడ్లీ అక్క వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇంటికి సరిపడా బియ్యమే. అంగడి బియ్యమైతే జల్లెడ పట్టాల్సి వచ్చేది.

"రామ్మా కౌన్సిలరమ్మా. దోవ తప్పి వచ్చినావా?"

"లేదక్కా." కౌన్సిలరమ్మ నేల మీదే కూర్చుంది. "నీ మనసు నొప్పిచ్చేదెందుకని రాకుండా ఉంటి."

ఇడ్లీ అక్క చేట పక్కన పెట్టింది. "నా మనసు సంగతి నాకిడ్సిపెట్టు తల్లీ. కుంకం లేదని నేను యాడ్సింది ఎప్పుడో అయిపోయినాది. ఇప్పుడు యాడుస్తా ఉండేది బండల కోసరం. నాకు కుంకం వద్దు. కబురు సెప్పి పోయింటే సాలు. బండలు నేనే ఎత్తి పెట్టుకోనుందును."

నేను ఎటు చూడాలో తెలియక చేటలో బియ్యం వైపు చూశాను. ఆ వీధిలో మేము బొట్లు పెట్టించుకున్న శుక్రవారాలన్నీ నాకు ఒక్కసారిగా చేదయ్యాయి.

"బండలు నేను పెట్టిస్తా" అంది కౌన్సిలరమ్మ.

"పెట్టిచ్చినాక సెప్పు" అని ఇడ్లీ అక్క మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

ఆ తర్వాత జరిగింది నాకు చెవిన పడిందే. కౌన్సిలరమ్మ మొట్టమొదటిసారి తానే ఆఫీసుకు పోయిందట. భర్త వెంట వస్తానంటే, బండి దగ్గర ఉండమందట. పూడిక తీసిన వారానికే మా వీధిలో ఉతికే బండలూ పలకలూ ఎక్కడివక్కడ కాలువ మీదికి వచ్చేశాయి, మాది కూడా. "తీస్తే అందరివీ తీయండి, లేదంటే ఆమెవీ పెట్టనియ్యండి" అని కుర్చీలో కూర్చుని అడిగిందట. ఆఫీసువాళ్లు చూస్తామన్నారట. వాళ్లు చూస్తామన్నాక చూసేదాకా పట్టే కాలం మా వకీలు ఆఫీసులో నాకు బాగా తెలుసు. మధ్యలో శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. ఇడ్లీ అక్క నాలుగిళ్లలో అంట్లు తోముతోందని, కూతురు చదువు ఆపి వచ్చేస్తానంటోందని విన్నాను.

ఒక శుక్రవారం కౌన్సిలరమ్మ ఎంతకూ మా గడపకు రాలేదు. నాకు ఆగలేదు. సందులోకి వచ్చి చూస్తే ఇడ్లీ అక్క వాకిట్లో చెప్పులున్నాయి. కుంకుమ తట్ట గుమ్మం బయట, గోడ పక్కన ఒదిగించి ఉంది. లోపలి నుంచి ఇడ్లీ అక్క గొంతు వినిపించింది.

"ఆ తట్ట బైటెందుకు పెట్టినావు? కుక్క మూతి పెడతాది. లోపలికి తీస్కరా. కుంకం, పూలు అట్ల పెట్టు. ఆకూ వక్కా నాకియ్యి."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కౌన్సిలరమ్మ తట్టలోంచి లేత ఆకులు ఏరి ఇచ్చింది. ఇడ్లీ అక్క తీరిగ్గా ఈనెలు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి చుట్టుకుని బుగ్గన పెట్టుకుంది. కాలు చాపుకుని గోడకు ఆనుకుంది.

"ఇంక సెప్పు. ఏమి కబురు?"

"సోమవారం నీ బండలు పెడతారక్కా. ఒప్పుకునిండారు. పగిలినదానికి బదులు ఇంకోటి నేను తోలిస్తా."

నమిలే దవడ ఆగింది. ఆమె కౌన్సిలరమ్మను చూసింది, గుమ్మంలో నన్ను చూసింది. నాకు ముందే తెలుసేమోనని నా మొహంలో వెతికింది. తెలియదు. నాకే కాదు, ఆ వీధిలో ఇంకా ఎవరికీ తెలియదు.

"సోమవారమంటే ఆదివారం పొద్దున్నే కొత్త పొయ్యికి మట్టి పిసకల్ల, పప్పు నానేయల్ల" అంది ఇడ్లీ అక్క. "ఈ ఆదివారం తిరుపతికి పోయేదానికి ల్యా. బిడ్డకు ఫోన్ జేసి సెప్పల్ల."

ఫోను కోసం లేచి లోపలికి పోయింది.