బొత్తాల బాబాయి పదిహేను బార్ల మిషను

బొత్తాల బాబాయి ఇంట్లో బార్ పెట్టాడన్నది పచ్చి అబద్ధం. ఆ ఇంట్లో పదిహేను బార్లు ఉన్నాయన్నది మాత్రం నిజం. ఈ రెండింటికీ తేడా తెలియక వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. మాట పుట్టించిన పైవాటా అత్తయ్యని తప్పు పట్టడానికీ లేదు. ఆవిడ చెవులు పాము చెవులు. విన్నది విన్నట్టే చెప్పింది, చిలవలు పలవలు అల్లలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. కాబట్టి మొదటి నుంచీ చెప్పుకొస్తే గానీ ఈ ముడి విడదు.

బాబాయి దర్జీ. ముందుగది షాపు, వెనకగది, వంటిల్లు కాపురం. కుడుతున్నంతసేపూ నోట్లో రెండు మూడు బొత్తాలు బుగ్గన పెట్టుకుంటాడు కాబట్టి ఆ పేరొచ్చింది. పలకరిస్తే సగం మాట పైకొస్తుంది, సగం బొత్తాల వెనకాలే ఉండిపోతుంది. అలవాటైన వాళ్ళకి అర్థమవుతుంది, కొత్తవాళ్ళు "ఆఁ?" అంటారు.

ఒకప్పుడు ఆయన తాగేవాడు. ఊరికే తాగడం కాదు, సాయంత్రం కత్తెర కింద పెట్టిన చెయ్యి తిన్నగా గ్లాసు మీదికే పోయేది. ఒక పెళ్ళికూతురి గౌనుకి రెండు చేతులూ ఎడమ చేతులే కుట్టిన రోజున, పిన్ని, అంటే ఆయన భార్య, ఇంట్లో ఉన్న సీసాలన్నీ దొడ్లో పారబోసింది. "ఇంకొక్కసారి వాసన తగిలిందంటే మా అక్క దగ్గరికి పోతాను. పోవడమే, రావడం ఉండదు" అంది. అరవలేదు, ఏడవలేదు. అందుకే బాబాయి ఆ మాట నమ్మాడు. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు.

ఇలా ఉండగా ఆ అక్కగారికే మోకాలు ఆపరేషనైంది. తోడుండడానికి పిన్ని వెళ్ళింది. బాబాయి ఒంటరివాడయ్యాడు.

అదే సమయంలో, బజారు చివర కొత్తగా తెరిచిన కాఫీ కొట్టుకి కర్టెన్లు కుట్టి, తగిలించి రావడానికి వెళ్ళాడు. నిచ్చెన మీంచి చూస్తే కింద కొట్టువాడు ఏదో పిడి బిగిస్తున్నాడు, మీట నొక్కుతున్నాడు. బుస్సుమంది. తేనెలా సన్నటి ధార కప్పులోకి దిగింది, పైన బంగారు రంగు నురగ. బాబాయి కర్టెన్ని తలకిందులుగా తగిలించి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి అల్లుడికి ఫోన్ చేశాడు. అల్లుడిది టైర్ల షాపు. గాలి ఒత్తిడి అంటే అతనికి కొట్టిన పిండి.

"మామయ్యా, ఎస్ప్రెస్సో అంటే ఒత్తిడే. మెత్తటి పొడిలోంచి వేడినీళ్ళని బలంగా తోయాలి. ఆ ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. తొమ్మిది బార్లు చాలు. అలా దిగిన ఒక్కో గుక్కెడు కాఫీని షాట్ అంటారు."

బాబాయి ఎలక్ట్రిక్ సామాన్ల షాపుకి పోయాడు. అక్కడ ఒక పెట్టె మీద పదిహేను బార్లని ఉంది, ఇంకోదాని మీద ఇరవై. మూలన ఇంకోటి ఉంది, చూస్తే బీరువాలా ఉంది, ధర వింటే తన కుట్టుమిషను తాకట్టు పెట్టినా రాదనిపించింది. అక్కణ్ణుంచే మళ్ళీ ఫోను.

"అల్లుడూ, తొమ్మిది చాలన్నావు. ఇక్కడ చవకదానికే పదిహేనున్నాయి."

"పెట్టె మీద రాసుకోవడానికి మామయ్యా. లోపల పనిచేసేది ఎంతో ఎవరికి తెలుసు?"

"అయితే తొమ్మిదిదే ఇమ్మంటాను."

"తొమ్మిది దగ్గర నిలకడగా ఉండేవి ఖరీదు మామయ్యా."

"అంటే తక్కువ కావాలంటే ఎక్కువ పెట్టాలా?"

"అలా అనుకోండి."

బాబాయి కాసేపు తల గోక్కుని, పాలు నురగెత్తించే గొట్టం ఉందో లేదో చూసుకుని, పదిహేను బార్లదే కొన్నాడు. ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేస్తే, బుగ్గన బొత్తాలతోనే ఉత్సాహం ఆపుకోలేక చెప్పాడు, "కొత్త మిషను కొన్నానే!" దానికి ముందు కాఫీ అన్నాడో లేదో, అన్నా అది బొత్తాల వెనకాలే ఉండిపోయింది. దర్జీ ఇంట్లో మిషనంటే ఇంకేముంటుంది? పిన్ని పొంగిపోయింది. "పోన్లెండి, పాతది కీచుమంటూ చంపుతోంది" అంది. బాబాయికి ఆ మాట అర్థం కాలేదు గానీ, ఊఁ కొట్టాడు.

ఇక అవస్థ మొదలైంది. మిషనుతో పాటు రెండు చిన్న జల్లెడ గిన్నెలొచ్చాయి. ఒకదాని అడుగున నిండా చిల్లులు. ఇంకోదానికి రెండు పొరల అడుగు, కింది పొరకి ఒకే ఒక్క చిల్లు, అదీ సూదిమొనంత. ఆ చిన్న చిల్లే చవక మిషన్లకి ప్రాణం. పొడి కాస్త మోటుగా ఉన్నా ఒత్తిడిని నిలబెట్టేది అదే. ఆ సంగతి బాబాయికేం తెలుసు? చిల్లు మూసుకుపోయిందనుకున్నాడు. చేతిలో ఉన్నది సూది, చేసే పని దర్జీపని. గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి శుభ్రంగా పొడిచి పెద్దది చేసి, "ఇప్పుడు బాగుంది" అనుకున్నాడు.

మీట నొక్కితే కాఫీ కుళాయి తిప్పినట్టు వచ్చిపడింది. పల్చగా, పుల్లగా.

రెండో గిన్నె పెట్టాడు. పొడి మోటుగా ఉందని వెళ్ళి మెత్తగా పట్టించుకొచ్చాడు, బట్ట మీద ఇస్త్రీపెట్టె నొక్కినట్టు ఒళ్ళంతా బరువేసి అదిమాడు. ఈసారి మిషను మూలిగింది, వణికింది, ఒక్క బొట్టు రాల్చి ఊరుకుంది. పొడి తగ్గిస్తే నీళ్ళు, పెంచితే మూలుగు. పాలు నురగెత్తిద్దామంటే గొట్టం సగం పాలని గోడమీద చల్లింది.

రోజూ సాయంత్రం షాపు కట్టేయగానే ఇదే తంతు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్ స్పీకర్లో పెట్టి అల్లుడితో మాట్లాడేవాడు. వంటింటి కిటికీ పైనే మెట్లు. మెట్ల మీద పైవాటా అత్తయ్య.

"మామయ్యా, ఇవాళ ఎన్ని షాట్లు?"

"నాలుగు లాగించాను. ఇంట్లో పదిహేను బార్లున్నా సింగిల్ షాట్ నీళ్ళలా ఉంటోందయ్యా, డబుల్ షాటే నయం."

"ఒక్కరే నాలుగు తాగేస్తే నిద్దరేం పడుతుంది మామయ్యా!"

"పారబొయ్యడానికి మనసొప్పదు కదా. చేతులు వణుకుతున్నాయి, అయినా ఇంకోటి చూస్తాను."

"ఊరెళ్ళిన అత్తయ్యకి చెప్పారా?"

"వచ్చాక చూపిద్దామని."

ఇక కావలసిందేముంది? పైవాటా అత్తయ్య గుండెలు బాదుకుంది. తెల్లారేసరికి ఎదురింటికి, మధ్యాహ్నానికి బజారుకి మాట పాకింది. స్కూలు యూనిఫారాలు కుట్టడానికిచ్చిన తల్లులు వచ్చి బట్టలు చూసుకుని, చేతులు రెండూ రెండు వైపులా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని మరీ పట్టుకుపోయారు. బాబాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ సాయంత్రం పాత స్నేహితుడు మేస్త్రి వచ్చాడు, ముఖమంతా నవ్వుతో. తాగే రోజుల్లో ఇద్దరిదీ ఒకే బల్ల.

"ఏం బావా! మానేశానని ఇన్నాళ్ళు మమ్మల్ని వెలివేసి, ఇంట్లోనే పెట్టుకున్నావట! ఒక షాట్ పొయ్యి."

"నీకెలా తెలిసింది?" బాబాయి మురిసిపోయాడు. తన కాఫీ అడిగిన మొదటి మనిషి! చిన్న గాజుగ్లాసులో పోసిచ్చాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో వేసుకున్నాడు. కళ్ళు తేలేశాడు.

"ఇదేం సరుకు బావా! కాలిన కట్టె కడిగిన నీళ్ళు!"

"పొడి ఎక్కువైందంటావా?"

"పొడేమిటి? దీంట్లో పొడి కలుపుతున్నావా?" మేస్త్రి గ్లాసు అక్కడ పెట్టి నాలుగడుగులు వెనక్కేశాడు. "ఒంటికి మంచిది కాదు బావా. తాగితే మంచిది తాగు" అని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. మర్నాటికి బాబాయి సారాలో ఏదో పొడి కలుపుతున్నాడన్న మాట కూడా చేరింది.

ఎవరు చేశారో గానీ, పిన్నికి ఫోన్ వెళ్ళింది.

ఆవిడ భుజాన సంచితో గుమ్మంలోకొచ్చి నిలబడేసరికి బాబాయి ఒక చొక్కా కాలరు తిరగేస్తున్నాడు. పాత మిషను మీదే. అది ఎప్పట్లాగే కీచుమంటోంది.

"కొత్త మిషనేదీ?" అంది పిన్ని.

బాబాయి బొత్తాలు అరచేతిలోకి ఉమ్మి, నవ్వుతూ లేచాడు. "వంటింట్లో ఉంది."

"వంటింట్లో ఎవరైనా బట్టలు కుడతారా?"

"కుట్టడమేమిటే?"

"ఊదండి."

"ఏమిటీ?"

"ఊదమంటున్నాను."

చాలాకాలం తర్వాత విన్న మాట. బాబాయి నోరు తెరిచి ఊదాడు. గుప్పున కాఫీ వాసన కొట్టింది. ఏమీ లేదన్న ధీమాతో ఊదాడే గానీ, పిన్ని ముఖం చూసేసరికి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తాగే రోజుల్లో మందు వాసన తెలియకుండా గుమ్మం దాటేముందు చిటికెడు కాఫీపొడి నమిలి వచ్చేది ఆయనే. ఆ ఇంట్లో నోటి నుంచి కాఫీ వాసన రావడమంటే ఏమిటో వాళ్ళిద్దరికే తెలుసు.

"అయితే నిజమేనన్నమాట" అంది పిన్ని. సంచి కింద పెట్టలేదు.

"ఒట్టు. కాఫీయే. వట్టి కాఫీ."

"అప్పుడూ ఇదే ఒట్టు."

సంచి భుజానే ఉంచుకుని ఇల్లంతా వెతికింది. బట్టల తానుల వెనక చూసింది, పాత మిషను సొరుగు లాగింది, నీళ్ళ తొట్టి వెనక చెయ్యి పెట్టింది. ఆయన దాచే చోట్లన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. సీసాలు దొరికాయి, ఒకటి కాదు, వరసగా. మూతలు తీస్తే అన్నింట్లోనూ కాఫీపొడి. మెత్తనిది, మోటుది, నల్లనిది, ఎర్రనిది. పిన్ని అయోమయంగా ఒక్కోటీ వాసన చూసింది.

"ఇంత పొడి నమలడానికా?"

"ఎవరైనా నములుతారా? చెయ్యి పాత అలవాటున ఆ చోట్లే పెట్టింది, అంతే. రా, చూపిస్తాను."

వంటింట్లో గోడమీద పాలమరకలు, బల్లమీద నల్లటి ముద్దలు, మధ్యలో తళతళలాడుతూ మిషను. పిన్ని దాన్ని ముందునుంచి చూసింది, వెనకనుంచి చూసింది. దారం ఎక్కడ ఎక్కిస్తారో కనపడలేదు. బాబాయి చిల్లుల గిన్నెలో పొడి పోశాడు, తట్టాడు, అదిమాడు, పిడి బిగించాడు. బిగింపు నచ్చక విప్పాడు. కాస్త పొడి తీసేశాడు. తీసింది ఎక్కువైందని మళ్ళీ వేశాడు. నీళ్ళు కాగాయని చెప్పే దీపం వెలిగేదాకా చంటిపిల్ల జ్వరం చూసినట్టు మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పిన్ని వచ్చిందన్న సంగతే మర్చిపోయినట్టున్నాడు. మీట నొక్కాడు. మూలిగింది. కాస్త నల్లగా, కాస్త పల్చగా, రెండు గుటకలంత దిగింది. నురగ ఒక పక్కనే ఉంది.

పిన్ని నాలుక తడిపి ముఖం చిట్లించింది.

"ఇంత తతంగం చేస్తే వచ్చేది ఇదా?"

"ఇవాళ నయం. నిన్నటిది పోసిన మొక్క వాడిపోయింది."

పిన్నికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంచి బల్లమీద పెట్టింది. "అబద్ధం చెప్పట్లేదని అర్థమైంది. మిగతాదే అర్థం కావట్లేదు. గిన్నెలో నీళ్ళు కాచి పొడి వేస్తే చిటికెలో అయిపోయేదానికి, రాని పని నెత్తినేసుకుని, ఊరందరి చేతా మాట పడి... నా కళ్ళలోకి చూసి చెప్పండి. ఎందుకు కొన్నారిది?"

బాబాయి తడిగుడ్డతో బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగాడు.

"నువ్వు ఊళ్ళో లేవు. షాపు కట్టేశాక ఆ ఒక్క గంటా గడవదే. రోజంతా ఎలాగో నెట్టుకొస్తాను, ఆ గంట దగ్గర ఇరుక్కుపోతాను. దీని ముందు నిలబడితే పొడి ఎక్కువైందా, నీళ్ళు కాగాయా, ఎందుకు మూలుగుతోంది అని బుర్ర గిర్రున తిరుగుతూనే ఉంటుంది. తలెత్తేసరికి ఆ గంట దాటిపోయి ఉంటుంది. నా భయమల్లా ఒకటే. ఇది ఎప్పుడో ఒకరోజు సరిగ్గా వచ్చేస్తే, ఆ మర్నాడు ఏం చెయ్యాలో నాకు తెలీదు."