బండి దిగొద్దన్న చోట

మధ్యాహ్నం పన్నెండు పదికి చిన్న విమానం మట్టి రన్‌వే మీద దిగింది. ఎదురుగాలి, మోకాలెత్తు ఎండుగడ్డి. పదిహేడేళ్ళు ఫౌజులో, అదే మిలిటరీలో, బండ్లతో బతికినవాణ్ణి, కొత్త చోట కాలు పెట్టగానే బయటికి పోయే దారులు లెక్కపెడతాను. రెండే ఉన్నాయి. జర్మనీలోని కాట్‌బస్ నుంచి సెలవుకు వచ్చామని నా భార్య సునీత అనుకుంది. నాకు మాత్రం అది పోస్టింగే.

పని ఒక్కటే. ఏటా ఈ రోజుల్లో గ్నూలు వేలకు వేలు, పచ్చిక వెతుక్కుంటూ కెన్యాలోని మారా నది దాటుతాయి. గ్నూ అంటే ఆవు కొమ్ములూ గుర్రపు జూలూ ఉన్న అడవి పశువు. అవి నదిలోకి దూకడం మా తొమ్మిదేళ్ళ నిహకు చూపిస్తానని మాటిచ్చాను. ఆరేళ్ళు వచ్చేదాకా దాని పుట్టినరోజుకు నేను ఒక్కసారీ ఇంట్లో లేను. ప్రతిసారీ ఫోన్‌లో ‘వచ్చే ఏడు తప్పకుండా’ అనేవాణ్ణి. కనీసం ఈ మాటైనా నిలబెట్టుకోవాలి.

మా గైడే డ్రైవరు కూడా. యాభై దాటిన మనిషి. బండెక్కకముందే ఆర్డర్లు చెప్పాడు. అరవొద్దు. మొదటి జంతువు నీళ్ళలోకి దిగేదాకా మనం ఒడ్డుకు పోవద్దు. ఏం జరిగినా బండి దిగొద్దు.

“మీరు బండిలో ఉన్నంతసేపూ వాటికి బండే కనిపిస్తుంది. దిగితే మనిషి కనిపిస్తాడు” అన్నాడు.

మర్నాడు, అంటే నది దగ్గర మొదటి రోజు, ఉదయం ఆరింటికి బయల్దేరాం. చలికి నిహ దుప్పటి వదల్లేదు. రెండు బైనాక్యులర్లు, ఆరు నీళ్ళ సీసాలు, ఉడికించిన గుడ్లు, సునీత జర్మనీ నుంచి మోసుకొచ్చిన జంతికల డబ్బా. ఒడ్డుకు రెండు వందల మీటర్ల వెనక పొదల పక్కన ఆగాం. ఎనిమిది గంటలు చూశాం. మంద నీళ్ళదాకా వచ్చింది, వాసన చూసింది, మేతకు వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. నేను సీట్లో కుదురుగా లేను. గాలి ఎటు తిరిగిందో చూడటం, గడియారం చూడటం, మళ్ళీ గాలి.

“బావా, కాసేపు కూర్చోరాదా? అయ్యేమన్నా నీ ఆర్డర్ కోసం చూస్తన్నాయా?” అంది సునీత.

నిహ మాత్రం నోట్‌బుక్‌లో నది గీసి, మధ్యలో ఖాళీ వదిలింది. గ్నూలు దాటాక గీస్తుందట.

మూడో రోజు ఆఖరిది. మరుసటి పొద్దున విమానం. పదకొండు నలభైకి నది అవతలి దిబ్బ మీద దుమ్ము లేచింది. మంద బారులు తీరి ఒడ్డుకు దిగింది. ముందున్న గ్నూ ఒకటి రెండు ముందుకాళ్ళూ నీళ్ళలో పెట్టింది. నిహ నా చొక్కా పట్టుకుంది. అప్పుడే రేడియో పలికింది. గైడ్ మాకు చెప్పాడు: “దాటొచ్చే మందకు మన బండి అడ్డంగా ఉందట. పది అడుగులు వెనక్కి తీస్తాను.”

రివర్స్ గేర్ పడింది. వెనక ఒక గుంట ఉంది.

నేను తలుపు తెరిచి దిగిపోయాను. వెనక్కి పరిగెత్తి, చెయ్యెత్తి, “ఆనే దో, ఆనే దో… బస్!” అన్నాను, రానీ, రానీ, చాలు అని ఫౌజు హిందీలో. పూర్తిగా అన్న తర్వాతే నేనెక్కడ ఉన్నానో తెలిసింది.

ఆ గ్నూ తలెత్తి నన్ను చూసింది. కాళ్ళు నీళ్ళలోంచి తీసుకుంది. తర్వాత మందకు మందే తిరిగి దిబ్బెక్కింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పక్క బళ్ళలో ఎవరో తిట్టారు, ఏ భాషో తెలియలేదు. రేడియోలో ఇంకో గైడ్ గొంతు: “ఆ మనిషెవరు?” రేంజర్ వచ్చి, ఇవాళ్టికి నది దగ్గర ఉండొద్దని పంపేశాడు.

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఊరికే అన్లేదు” అంది సునీత. నిహ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నోట్‌బుక్ మూసి, “వారుమ్, పాపా?” అంది. ఎందుకు నాన్నా అని, జర్మన్‌లో.

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్నట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ మేము దిగిన గుడారం ముందు కూర్చున్నాక నిజం చెప్పాను. సునీతకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఫౌజులో బండి వెనక్కి తీస్తే పక్కనున్న కో-డ్రైవర్ దిగి వెనక నిలబడి దారి చూపాలి. లడఖ్‌లో ఒక ఉదయం ఆ కో-డ్రైవర్ని నేను. బయట కోసే చలి. హీటర్ ముందు చేతులు పెట్టుకుని, “వెనక ఎవరూ లేరు, పోనీ” అన్నాను. వెనక మా వంటవాడు కిరోసిన్ డబ్బాలు దింపుతున్నాడు. చక్రం కింద పడి అతనికి మోకాలి కింద కాలు పోయింది. ఆ రోజు నుంచి ఏ బండి రివర్స్ అయినా దిగుతాను. సూపర్ మార్కెట్ ముందు కూడా. నిహకు సిగ్గని తెలిసినా దిగుతాను.

“ఆ అంకుల్ ఇప్పుడు నడుస్తారా?”

“పెట్టుడు కాలితో.”

“నీ మీద కోపమా?”

“అడగలేదమ్మా. అడగాలంటే భయం.”

నిహ లేచి గుడారంలోకి వెళ్ళింది. నన్ను క్షమించిందో లేదో తెలియలేదు.

కాట్‌బస్ వచ్చాక సునీత నాతో ఒట్టు వేయించుకుంది, ఇక దిగనని. ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తను కారు వెనక్కి తీస్తోంది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వెనక సీటు బెల్టు ఊడిన చప్పుడైంది. నిహ దిగి, కారుకు పక్కగా, దూరంగా నిలబడి చెయ్యెత్తింది.

“కొమ్, కొమ్… స్టాప్, మామా!” రా, రా, ఆగమ్మా అని.

ఎక్కి కూర్చుని, “ఎవరూ లేరు పాపా, నేను చూశాను” అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ రాత్రే వంటవాడికి ఫోన్ చేశాను. రింగ్ అయింది, ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను. నిహ నోట్‌బుక్‌లో నది మధ్య ఇంకా ఖాళీగానే ఉంది. గోదాములో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాను ఇప్పుడు. రివర్స్ గేర్ వేసిన ప్రతిసారీ, రెండు ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టి ఆ గ్నూ తలెత్తుతుంది, నావైపే చూస్తుంది.