రంగును నమ్మని మేడం

శామీర్‌పేట దగ్గర ఒక ల్యాబులో నేను ఊడ్చి తుడిచే రోజుల్లో అక్కడొక మేడం ఉండేది. ఏది చూపించినా ఒక కన్ను చిట్లించి, "రంగు సరే, ఎంతసేపుంటది?" అనేది. నా కొత్త చీరను చూసి కూడా అలాగే అడిగింది.

కణాలకు ఆమె నీలంగా మెరిసే మందు వేసి మైక్రోస్కోపులో చూసేది. ఒకరోజు మందు వేయని గాజుపలక కూడా మెరిసింది. ఆమె చూపు నా బకెట్ మీద పడింది.

"గిండ్ల ఏం కలిపినవ్?"

"బట్టల సబ్బు పొడి మేడం. మీ గాజుపలకలైతే నేను ముట్టలే."

"సబ్బు పొడి గూడ నీలంగనే మెరుస్తది."

పక్కనున్న సూపర్‌వైజర్ వెంటనే అందుకున్నాడు. "ఇగ రేపటి సంది నువ్వు రాకమ్మా."

"జర ఆగు," అని మేడం నా బకెట్ నీళ్ల చుక్క ఒకటి వేరే గాజుపలక మీద వేసింది. మిషన్‌తో కొలిస్తే రెండు పలకల రంగూ ఒకటే. తర్వాత ఆ రెండు మెరుపులూ, తన మందు మెరుపూ ఎంతసేపట్లో ఆరిపోతాయో కొలిచింది. అది కంటికి అందని వేగమట. నా సబ్బు మెరుపు ముందే ఆరిపోయింది. పలక మీది మెరుపు, ఆమె మందు మెరుపు మాత్రం సమానంగా నిలిచాయి.

"ఇది నా మందే. మందు ముట్టిన గ్లౌజుతోనే దీన్ని గూడ పట్టిన," అన్నది సూపర్‌వైజర్‌తో.

నేను దండం పెట్టబోయాను. ఆమె బకెట్‌ను కాలితో పక్కకు జరిపింది.

"ఇయ్యాల నువ్వు గాదు. రేపు అయితవో ఏమో, ముందుగాల ఆ పొడి మార్చు."