కిరీటికి రాదన్న మాట

విదేశంలో, వాన్ అనే ఊళ్ళోని ఒక గోడౌన్‌లో డబ్బాలకు లేబుళ్ళు అంటించే నిఖిలకు షిఫ్ట్ లీడ్ గోపీకృష్ణ అంటేనే రోత. పైవాళ్ళ కబురేదైనా తెలిస్తే చెప్పడు, చెప్పకుండానూ ఉండడు. పళ్ళికిలిస్తూ, నలుగురూ వెంటపడేదాకా ఊరిస్తాడు. అయినా మనవాళ్ళెవరూ ఆఫీసు గది తలుపు తట్టరు. తమ సంగతి సూటిగా అడగడం నామోషీ, ఆయన చుట్టూ గారూ గారూ అంటూ తిరగడం మర్యాద. ఛీ, ఏం మర్యాదో!

ఆ వేసవిలో ఒక్క పర్మనెంట్ ఉద్యోగం పడింది. నిఖిల, ప్రణీత్, కిరీటి ముగ్గురికీ అర్హత ఒక్కటే. పేరు ఖాయమైపోయింది, గోపీకృష్ణ చూశాడు కూడా, కానీ సోమవారం దాకా బయటపెట్టకూడదు. నిఖిల వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. పర్మనెంట్ జాబ్ లెటర్ లేకపోతే, ఈ దేశంలో స్థిరపడనిచ్చే పీఆర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. విన్నిపెగ్‌లో ఒక బేకరీవాళ్ళు లెటర్ ఇస్తామన్నారు గానీ, శుక్రవారంలోగా జవాబివ్వాలి. ఇక్కడ తనకు మూడింట ఒక వంతే అవకాశమైతే వెళ్ళిపోవాలి, సగానికి సగమైతే ఆగాలి అనుకుంది.

గురువారం లంచ్‌లో ఆయన దగ్గరికి వెళ్ళింది. "నా సంగతి చెప్పకండి గోపీకృష్ణ గారూ. మిగతా ఇద్దరిలో రానివాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి, చాలు."

ఆయన అటూ ఇటూ చూసి, పెద్ద వరమిస్తున్నట్టు, కిరీటికి రాదన్నాడు. ఇక మిగిలింది ఇద్దరమే కదా అని నిఖిల అక్కడికక్కడే విన్నిపెగ్‌కు రానని మెయిల్ కొట్టింది.

సాయంత్రం రూమ్మేట్ భవిత అంతా విని, చపాతీ ఒత్తుతూనే అడిగింది. "జాబ్ నీకే వస్తుంటే ఆయన ఏం చెప్పేటోడు?"

"వాళ్ళిద్దరిలో ఒక పేరు."

"నీకు రాకుంటే?"

"అప్పుడూ ఒక పేరే..." అంటుండగానే నిఖిలకు లెక్క తట్టింది.

ఎటుపోయినా ఆయన దగ్గర చెప్పడానికొక పేరుంటుంది. తన వంతు మూడింట ఒకటి దగ్గరే ఉంది, కిరీటి వంతు పోయి ప్రణీత్‌కు కలిసింది. కిరీటికి వస్తుందా అని సూటిగా అడిగి ఉంటే, వస్తుందనే జవాబుకూ చోటుండేది. అప్పుడు రాదంటే నిజంగానే సగానికి సగమయ్యేది. తన సంగతి దాటేయమని తనే బతిమాలింది. వరంగల్‌లో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసిన మనిషి! తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లారి విన్నిపెగ్‌కు ఫోన్ చేస్తే, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు.

సోమవారం బోర్డు మీద ప్రణీత్ పేరుంది. గోపీకృష్ణ అదే నవ్వుతో వచ్చాడు. "నేను నీకు అబద్ధం చెప్పలేదు కదమ్మా?"

నిఖిల చేతిలోని లేబుళ్ళ చుట్ట పక్కన పెట్టింది.

"లేదండీ, నిజమే చెప్పారు. నా గురించే ఏమీ చెప్పలేదు."