గవాచి మీద బండ

ఆనందమ్మ టీచరును ఆ పుస్తకం మీద మాట్లాడమని పిలిచినవాళ్లకు సిగ్గుండాలి. ఆరోజూ ఇదే అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆమె జమ్మలమడుగు మిషన్ బడిలో నాతోపాటు పనిచేసింది. ఉండేది పెద్దముడియం పక్కన మా పల్లెలోనే, పాత మట్టిమిద్దెలో. మా మిద్దెలకు వెలుతురు కోసం కప్పులో ఒక కంత వదులుతారు, దాన్నే గవాచి అంటాం. ఆమె భర్త పాలయ్య ఎన్నికల్లో ఎదుటి పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. అతను చేసిన నేరం అంతే. వారం తిరక్కముందే, ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఉండగా గవాచిలోంచి బాంబు పడి చనిపోయాడు. ఆనందమ్మ దొడ్లో నీళ్లు తోడుతోంది కాబట్టి బతికింది. చేయించింది ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దాయనేనని అందరికీ తెలుసు. సాక్ష్యానికి మాత్రం ఒక్క నోరూ లేవలేదు.

ఆ భయంతో ఊళ్లో గవాచులన్నీ మూతపడ్డాయి. మూయడానికి బండలు పంపింది ఎవరనుకున్నారు? ఆ పెద్దాయనే! చంపేదీ ఆయనే, దయ చూపేదీ ఆయనే. ఆడవాళ్లు పట్టపగలు దీపం పెట్టుకుని వంట చేసుకున్నారు. ఆనందమ్మ మాత్రం ఆ బండ నాకొద్దంది.

పెద్దాయన పోయాక కొడుకు ఇంకో పార్టీ కండువా కప్పుకుని తండ్రి జీవితచరిత్ర రాయించాడు. రాసినవాడు ప్రొద్దుటూరు లెక్చరర్ ఆదినారాయణ. ‘నియంతే, కానీ ఊరిని దారిలో పెట్టిన నియంత’ అని మొదటి పేజీలోనే తీర్పిచ్చేశాడు. పాలయ్య గురించి ఒక్క వాక్యం రాశాడు: దీపం పడి ఇల్లంటుకుని చనిపోయాడట. మరో పేజీలో మా ఊరి మిద్దెల ఫోటో వేసి, ‘వానకు కురవకుండా ప్రతి గవాచికీ బండ వేయించిన దాత’ అని రాశాడు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిష్కరణకు ముందే ఆమెకో ప్రతి పంపి, ఆదినారాయణ ఆమె ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

“అమ్మా, పుస్తకం గురించి మీరే చెప్పాల. మీరు బాగుందంటే ఇంక ఎవురూ నోరెత్తరు.”

“అందుకే వచ్చినావా నాయనా? సరే, వస్తా.”

అతను వెళ్లాక నేను ఊరుకోలేదు. “వాళ్ల సభకు యాడికి పోతావక్కా? నీకేమన్నా పిచ్చా?”

“అచ్చయిన మాట నిలబడిపోతాది. నేను గూడా పోకపోతే మా ఆయన దీపం పడే సచ్చినట్టు.”

సభ ప్రొద్దుటూరులో. ఆమెను పెద్దాయన కొడుకు పక్కనే కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆమె శాలువా తీసి కుర్చీ మీద పెట్టి మైకు దగ్గరికి నడిచింది.

“బండలిచ్చినాడు, నిజమే. ఎందుకిచ్చినాడో రాయలా. మా ఇంట్లో ఆ పొద్దు దీపమే ముట్టించలా. గవాచి వెలుతురుండె. ఆ గవాచిలోనించే మా పాలయ్య మింద బాంబేపిచ్చినాడు మీ పెద్దాయన. ఈ పుస్తకం గూడా గవాచికి బండేసిన ఇల్లే. లోపల సచ్చినోళ్లు కనపడరు.”

మైకు ఆపేశారు. జనంలోంచి తిట్లు లేచాయి. ఆదినారాయణ తల ఎత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, భయంతో ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉండిపోయాను.

తెల్లారి ఎవరో తలుపు కొడితే సందులోంచి చూసి తీశాను. పక్కింటి సైదున్నీసా.

“టీచరమ్మా, మా గవాచి మింద బండ తీపిస్తాండా. నువ్వొచ్చి రోంత నిలబడు, మావోళ్లకు ధైర్యం.”

ఆనందమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది. వంటింట్లో ముగ్గురం తలలెత్తి నిలబడ్డాం. పైన బండ జరిగింది. సైదున్నీసా పొయ్యి మీద ఎండ పడింది.