కుక్క తన కాలు ఎందుకు కొరుక్కుంది

ఆ రెండేళ్లలో మా ఇంటి నుంచి పోయినవి ఇవి: ఎడ్లు రెండు, మేకలు పదకొండు, జొన్నలు ఏడు బస్తాలు, ఇంటి తలుపు ఒకటి, మా మామ కుడిచేతి వేళ్లు రెండు. అన్నీ పోలీసుల దాడుల్లో పోయాయి. మా ఎర్ర కుక్కను ఇందులో కలపలేదు. దాన్ని బయటివాళ్లెవరూ ముట్టలేదు.

మా ఊరు కేతేపల్లికి రెండు కోసుల దూరం. ఊరవతల పోలీసు క్యాంపు ఉండేది. పోలీసులకు దొరక్కుండా తిరిగే సంఘం మనుషులు మా గోడ పక్క సందులోంచే వచ్చిపోయేవారు. కుక్క మొరిగితే వాళ్ల జాడ క్యాంపుకు తెలిసిపోతుందని, ఊళ్లో కుక్కల అరుపు వినపడకూడదన్నారు. చాలామంది తమ కుక్కల్ని చంపేశారు. మాకు మనసొప్పలేదు. కొట్టంలో గుంజకు కట్టేసి, మొరిగినప్పుడల్లా ఈత బరిగెతో కొట్టాం. పదిహేను రోజులకు నోరు మూసుకుంది.

ఆ తర్వాత ముందటి కాలు కొరుక్కోవడం మొదలుపెట్టింది. వెంట్రుకలు ఊడి, తోలు లేచి మాంసం కనపడింది.

“గజ్జి లేసిందే. కానుగ నూనె రాయి,” అంది మా అత్త.

ఐదు రోజులు రాశాను. నూనె నాకేసి మళ్లీ కొరికేది. చింతగింజలతో లెక్క నేర్చుకున్నదాన్ని, నాకు వేరే దారి తోచలేదు. ఒక పగలంతా కొట్టంలో కూర్చుని, కొరికినప్పుడల్లా చిన్న మట్టి గురిగిలో ఒక గింజ వేశాను.

“నీ లెక్కలు సల్లగుండ! పని లేనట్టు కుక్క కొరుకుడు లెక్కవెడ్తున్నవా?” అని అత్త దెప్పింది.

పొద్దుగూకేసరికి పంతొమ్మిది గింజలు. అందులో పదిహేడు, సందులో అడుగుల చప్పుడైన వెంటనే వేసినవి. మిగతా రెండూ నిజంగా దురదే కావచ్చు. చప్పుడు కాగానే చెవులు నిక్కేవి, గొంతు ఉబ్బేది, ఒకసారి నా చేతుల వైపు చూసేది. తర్వాత కాలు అందుకునేది.

“గజ్జి కాదత్తా. మొరగనిస్త లేమని కొరుక్కుంటాంది.”

అత్త వంగి దాని కాలు చూసింది.

“మొరిగితె వాళ్ల పానాలు పోతయి. మొరగకుంటె దీని కాలు పోతది. నువ్వే లెక్కెయ్యి బిడ్డా.”

వేశాను. కట్టు విప్పలేదు. తర్వాత ఎప్పుడైనా అది గొంతెత్తబోతే బరిగె నేనే తీశాను.

భారత యూనియన్ సైన్యం వచ్చాక మా ఊరి క్యాంపు ఎత్తేశారు. ఆ రోజే కుక్కను విప్పాం. అత్త సందులోకి పోయి, కాళ్లు టపటప కొడుతూ అటూ ఇటూ నడిచింది. “మొరుగు కొడుకా! ఇగ ఎవ్వరు కొట్టరు, మొరుగు!” అని గోడవతల నుంచి బతిమాలింది. కుక్క చెవులు నిక్కించింది. నా చేతుల వైపు చూసింది. వంగి కాలు అందుకుంది.

పుండు పైకి పాకి నెల తిరగకుండానే కుక్క చచ్చిపోయింది.

తెలియక కొట్టినవి నేను లెక్కలోకి తీసుకోను. ఎందుకు కొరుక్కుంటోందో తెలిశాక కొట్టిన దెబ్బలు ఆరు. విప్పాక ఒక్కసారి మొరిగి ఉంటే ఒకటైనా లెక్కలోంచి కొట్టేసుకునేదాన్ని. ఆరుకు ఆరూ ఇంకా నా మీదే ఉన్నాయి.